మగవారు బయట కూర్చోవలెను

జూలై 3, గురువారం

ఇన్సూరెన్సు ఏజెంటు జనవరిలో ఇచ్చిపోయిన డైరీ ఇది. ఇన్నాళ్ళూ ఫ్రిజ్ మీద పడి ఉంది. ఎవరితోనూ చెప్పలేనిది ఎక్కడో ఒకచోట పెట్టాలి కదా అని ఇవాళ తీశాను. రాయడం మంచిదో కాదో తేలడం లేదు. రాసింది ఎవరి చేతికైనా దొరుకుతుంది. రాయకపోతే లోపల తిరుగుతూనే ఉంటుంది.

పొద్దున్నే పెరట్లో కుళాయి చప్పుడుకి మెలకువ వచ్చింది. ఆయన లుంగీ ఉతుకుతున్నారు. మెషీనుండగా చేత్తో ఎందుకండీ అన్నాను.

"గ్రీజు మరక," అన్నారు, వెనక్కి తిరక్కుండానే.

గ్రీజు ఎర్రగా ఉండదు.

హార్మోన్ ఇంజెక్షన్లు మొదలుపెట్టిన ఏడాదే ఆ నెలనెలా గోల ఆగిపోయింది. ఆయన ఆడపిల్లగా పుట్టిన సంగతి ఈ నర్సీపట్నంలో నాకు తప్ప ఎవరికీ తెలియదు. ఈ ఒక్క వాక్యం రాయడానికి లేచి తలుపు గడియ వేసి వచ్చాను.

ఆయన పేరు ఇక్కడా రాయను. భర్త పేరు పలకకూడదని కాదు, జువాలజీలో ఎమ్మెస్సీ చేసినదానికి ఆ పట్టింపేమిటి. అయినా ఎప్పుడూ పలకలేదు. ఆ పేరు మా వైపు ఆడవాళ్ళకీ పెడతారు, మగవాళ్ళకీ పెడతారు. కన్నవాళ్ళు పెట్టిన మొక్కుబడి పేరుతోనే ఆయన ఇటునుంచి అటు వచ్చేశారు, మార్చుకోవలసిన పని పడలేదు. గట్టిగా పలికితే వినేవాళ్ళకి రెండోది తోస్తుందేమోనని మొదట్లో భయం. తర్వాత అలవాటైపోయింది. ఇప్పుడు వీధిలో అందరు ఇల్లాళ్ళలాగే "మా ఆయన" అనడం నాకు బాగుంటుంది. అంతే.

జూలై 4

వేడి చేసిందట. సబ్జా గింజలు నానబెట్టి ఇచ్చాను. తాగారు.

జూలై 6

తగ్గిందన్నారు. తగ్గే ఉంటుంది.

జూలై 9, బుధవారం

కాలేజీలో సెకండియర్ వాళ్ళకి మానవ ప్రత్యుత్పత్తి పాఠం చెప్పాను. ఏటేటా గీసే బొమ్మే. తలకిందులుగా పెట్టిన బేరిపండులా గర్భాశయం, అటూ ఇటూ నాళాలు, కింద సన్నటి మెడ. ఆ మెడకి బాణం గుర్తు పెట్టి "సెర్విక్స్" అని రాయబోతే సుద్దముక్క విరిగింది. ముందు బెంచీలో పిల్ల, "మేడం, ఇది పరీక్షకి వస్తుందా?" అంది. వస్తుంది అన్నాను.

సాయంత్రం అడిగేశాను.

"మళ్ళీ వచ్చిందా?"

"కొంచెం."

"ఎక్కణ్ణుంచో తెలుసు కదా."

"అటక మీద సామాను అది. ఇప్పుడేల దింపుతావు?"

మా ఇంట్లో దాని పేరు అదే. ఆపరేషన్ ఛాతీకి మాత్రమే చేయించుకున్నారు, కింది జోలికి పోలేదు. "అటక మీద పడున్నాది, దాని మానాన అదుంటాది" అనేవారు. నేనూ నవ్వేదాన్ని. ఉన్నదాన్ని లేదనుకోవడం ఇద్దరం కలిసి బాగా నేర్చుకున్నాం.

కాలేజీ లైబ్రరీ కంప్యూటర్లో చదివాను. గొంతు మారనీ, గడ్డం రానీ, ఆ మెడ ఉన్నంతకాలం దానికొచ్చే జబ్బు రావచ్చు. పరీక్ష చేయించుకోవాలి. ఇంజెక్షన్ల వల్ల ఆ పొర పలచబడి ఒక్కోసారి నమూనా సరిగా రాదు, ఓపిగ్గా మళ్ళీ తీయాలి. ఇది ఒక మూల చిన్న అక్షరాల్లో ఉంది. మిగతా అంతా "మహిళలూ, ముప్పై దాటిన మహిళలూ" అని. ఆ పిలుపులో ఆయన లేరు. చదివాక ఆ పేజీలన్నీ కంప్యూటర్లోంచి చెరిపేశాను. తర్వాత మళ్ళీ వెళ్ళి చెరిగాయో లేదో చూశాను.

"ఆడోళ్ళ ఆస్పత్రికి పోతే నన్నెక్కడ కూకోబెడతావే?" అన్నారాయన. నవ్వుతూనే అన్నారు.

జూలై 12, శనివారం

వెళ్ళాం. పేషెంటుగా నేను, తోడుగా ఆయన. అలా వెళ్దామని అనుకోలేదు. స్కూటర్ దిగేసరికి అలా అయిపోయింది.

పెదబొడ్డేపల్లి దారిలో డాక్టర్ శ్యామలాంబ గారి ఆస్పత్రి. హాల్లోకి అడుగుపెట్టే గుమ్మం మీద బోర్డు: "మగవారు బయట కూర్చోవలెను." వరండాలో బల్ల మీద వరసగా మొగుళ్ళు, ఫోన్లు చూసుకుంటూ. నర్సు బేబి ఆయన్ని చూసి, "బాబుగారూ, మీరటు కూకోండి, మేడంగారిని మేం తినీయంలెండి," అంది. వరండాలో వాళ్ళంతా నవ్వారు. ఆయనా నవ్వి వాళ్ళ మధ్యన సర్దుకున్నారు. అక్కడ ఎంత హాయిగా ఇమిడిపోయారో. చూస్తే నాకు ఏడుపొచ్చింది.

రక్తం కనబడుతోందని చెప్పాను. ఎవరికో చెప్పలేదు. ఆవిడా అడగలేదు. అడగనిదానికి అబద్ధం చెప్పినట్టవుతుందా?

ఆ మెడకి జబ్బు తెచ్చే వైరస్‌కి పరీక్ష ఉంది, తర్వాత లోపల చూడాలి, అన్నారు. నమూనా ఎవరికి వారు ఇంట్లో తీసుకోవచ్చా అని అడిగాను. ఆవిడ కళ్ళజోడు దింపి చూశారు.

"జువాలజీ మేడంగారికి సిగ్గా?"

"కొంచెం, డాక్టరుగారూ."

బ్రష్షున్న పొడుగాటి పుల్లా, గొట్టమూ ఇచ్చారు. గొట్టం మీద బేబి రాసింది: ఉదయశ్రీ, 44.

జూలై 13

ఆయన బాత్రూంలోంచి చాలాసేపటికి వచ్చారు. గొట్టం టేబుల్ మీద పెట్టి, మొహం కడుక్కుని, ఆదివారమైనా మోటారు రిపేర్ల షాపు తెరుస్తానని వెళ్ళిపోయారు. భోజనానికి రాలేదు. క్యారేజీ పంపిస్తే తిన్నారట.

నేను ఏదో అనాల్సింది. ఏమనాలో ఇప్పటికీ తెలియదు.

జూలై 14

గొట్టం ఇచ్చి వచ్చాను.

జూలై 22, మంగళవారం

వైరస్ ఉంది.

పదహారో రకమట, మొండిదట. "కాన్సర్ అని కాదు సుమా," అని డాక్టరుగారు నా చెయ్యి పట్టుకున్నారు. "లెన్సు పెట్టి చూసి, తేడా ఉన్నచోట గింజంత ముక్క తీసి పంపుదాం. రక్తం అంటున్నారు కాబట్టి ఆలస్యం వద్దు. ఎల్లుండి రండి."

నా చేతిని ఆవిడ అలా నిమురుతుంటే, ఇది నాకు చెందింది కాదు, ఇంటికి పట్టుకెళ్ళి ఆయనకి ఇవ్వాలి అనుకున్నాను. ఎలా ఇవ్వడం?

ఆయనతో, "ఏదో చిన్న ఇన్‌ఫెక్షన్‌లాంటిది, ఇంకోసారి చూస్తారట," అన్నాను.

"ఎవుల్ని?"

పప్పు పొంగుతోందని వంటింట్లోకి వెళ్ళాను.

జూలై 24, గురువారం

జరిగింది జరిగినట్టు రాస్తాను.

నిజం చెప్పేయాలనే వెళ్ళాను. దారంతా వాక్యం కూర్చుకున్నాను. "డాక్టరుగారూ, ఆ నమూనా నాది కాదు, మావారిది." ఇంతే, చిన్న వాక్యం. హాల్లో ఆడవాళ్ళు నిండి ఉన్నారు. మా కాలేజీ క్లర్కు భార్య పలకరించింది. బేబి నా పేరు పిలిచింది. లోపల ఆవిడ చేతులు కడుక్కుంటూ, "పడుకోండి," అన్నారు.

పడుకున్నాను.

ఆ వాక్యం నోట్లోనే ఉంది. చల్లటి ఇనుము తగిలింది. ఏదో ద్రావకం వాసన. ఆవిడ లెన్సులోంచి చాలాసేపు చూశారు. అప్పుడు నేను దేవుడికి దణ్ణం పెట్టుకున్నాను, ఏమీ లేకుండా చూడు స్వామీ అని. నా ఒంట్లోకి చూస్తుంటే ఆయన కోసం మొక్కుకున్నాను.

"శుభ్రంగా ఉందమ్మా," అన్నారు. "ఏమీ లేదు. ఆ రక్తం ఎక్కణ్ణుంచో మరి. ముక్క తీయాల్సిన పనే కనబడటం లేదు. ఏడాది పోయాక మళ్ళీ చూద్దాం."

బయటికి వచ్చి స్కూటర్ తీస్తుంటే ఎంత తేలిగ్గా ఉందో. రాయడానికే భయంగా ఉంది గానీ నిజం అదే. ఆబిద్ సెంటర్‌లో ఆగి వేడివేడి జిలేబీ కట్టించుకున్నాను. షాపుకే వెళ్ళాను. ఆయన కాలిపోయిన మోటారు ఒకటి విప్పి, నల్లబడ్డ రాగితీగ లాగి పారేస్తున్నారు.

"ఏమీ లేదన్నారండీ!" అన్నాను.

"ఎవులికి?"

"ఏమీ లేదట. శుభ్రంగా ఉందట."

స్క్రూడ్రైవర్ కింద పెట్టారు. గుడ్డతో ఒక్కొక్క వేలూ తుడుచుకున్నారు.

"ఉదయా, పక్కోడి మోటారు ఇప్పి సూసి, నీది బాగున్నాది ఎల్లిపో అని రైతుకి సెప్తే ఎలగుంటాది?"

జిలేబీ పొట్లం నూనె కారి నా చీరకంటింది.

జూలై 25

ఏడాది వరకూ పర్వాలేదన్నారు కదా.

అన్నది నాకు. తెలుసు. నాకు.

జూలై 27, ఆదివారం

బేబి, పక్కింటి దేవుడమ్మ గారికి తోడికోడలి కూతురు. ఆ సంగతి నాకు ముందే తెలిసుండాల్సింది. వైరస్ అన్న మాట ఆ ఇంటికి వెళ్ళేసరికి కాన్సర్ అయింది. పొద్దుటినుంచీ వీధి వీధంతా వస్తూనే ఉంది. నన్ను మంచం మీంచి లేవనివ్వరు. బొప్పాయిలు, కొబ్బరిబొండాలు. రోలుగుంట వైపు ఎవరో ఆకుపసరు ఇస్తారట.

అందరికీ టీలు పెట్టి ఇచ్చింది ఆయన. కడుపులో నొప్పిగా ఉందని పొద్దున్నే నాతో అన్నారు. ఒక చేత్తో పొత్తికడుపు పట్టుకుని, ఇంకో చేత్తో ట్రే.

దేవుడమ్మ గారు ఆయన్ని పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకున్నారు.

"ఇలా రా నాయనా. నువ్వు బెంగెట్టుకోకు. మగోడివి, నువ్వే గుండి దిటవు సేసుకోవాలి."

"అలాగేనండి."

"మా సెల్లి సాయిలచ్చిమి ఇలాగే. ఎవులికీ సెప్పలేదయ్యా. సిగ్గు. సీరలు దాసి దాసి ఉతుక్కొనీది. మాం అడిగితే ఏడి సేసిందే అక్కా అనీది. ఒల్లంతా పాకీసినాక ఆస్పత్రికి తీసుకెల్లాం. డాక్టరు తిట్టీసినాడు మమ్మల్ని. ఏటి నాబం?" ఆవిడ ఆయన మోకాలి మీద చెయ్యి వేసి తట్టారు. "అది జబ్బుకి పోలేదు నాయనా, సిగ్గుకి పోయింది. నువ్వు దగ్గరుండి తీసుకెల్లు. ఎవుడేటనుకుంతే నీకేటి?"

"తీసుకెల్తానండి," అన్నారాయన. దేవుడమ్మ గారు పైట కొంగుతో ఆయన కళ్ళు తుడిచారు, "ఎంత పేనమయ్యా నీకు పెల్లామంటే," అంటూ.

వాళ్ళందరూ నాకోసం తెచ్చిన ఓదార్పు ఆయనకే చేరింది.

జూలై 28, సోమవారం

"నానొత్తాను. నా పేరు మీద సూపించుకుంతాను," అన్నారు.

వైజాగ్ వెళ్దాం, లేకపోతే హైదరాబాద్, అక్కడ మనల్ని ఎరిగినవాళ్ళుండరు అన్నాను.

"అక్కడ మాత్రం ఏటని సెప్తావు? ఆ కాయితం మీద నీ పేరున్నాది. అది సూసి రేపు ఎవులికి కత్తెడతారు? ముందు ఈవిడ దగ్గిర చిక్కు ఇప్పాల."

ఇల్లుగలాయన ఖాళీ చేయమంటాడేమో అన్నాను. షాపుకి ఎవరూ రారేమో అన్నాను. నా ఉద్యోగం అన్నాను. దేవుడమ్మ గారు మళ్ళీ మన గడప తొక్కుతారా అన్నాను. అన్నీ విన్నారు.

"అన్నీ అయినాయా?"

"అయ్యాయి."

"నాను సచ్చిపోతానేమో అన్నది రాలేదే అందులో."

ఆ భయం అన్నిటికంటే కింద ఉంది, దాని మీద ఇవన్నీ పేర్చుకుంటూ వచ్చానేమో. కాకపోతే, నిజంగానే ఊరంటేనే నాకు ఎక్కువ భయమేమో. అదే అయితే నేనెలాంటి మనిషిని?

జూలై 30

వాన. వెళ్ళలేదు. ఇద్దరికీ వాన నచ్చింది.

ఆగస్టు 1, శుక్రవారం

ఇస్త్రీ చొక్కా వేసుకున్నారు. మీసం దువ్వుకున్నారు. బోర్డు కింద ఒక్క క్షణం ఆగారు. ఆ తర్వాత హాల్లోకి వచ్చేశారు.

"బాబుగారూ, మీరు బయట..." అంటూ బేబి లేచింది. నేను చీటీ రాసే బల్ల దగ్గరికి వెళ్ళాను.

"మీకేనా మేడం?"

"కాదు."

"పేషెంటు పేరు?"

పెళ్ళైన ఇన్నేళ్ళలో ఆ పేరు నా నోట నేను విన్నది అప్పుడే.

"సింహాచలం," అన్నాను.

ఆ బల్ల దగ్గర అమ్మాయి తలెత్తకుండా, మారు మాట్లాడకుండా రాసుకుంది. ఆడవాళ్ళ ఆస్పత్రి, సింహాచలం ఆడమనిషే అనుకుంది. ఆయన వెళ్ళి ఆడవాళ్ళ వరసలో చివరి కుర్చీలో కూర్చున్నారు. పక్కావిడ బిడ్డని ఇటు చంక నుంచి అటు మార్చుకుని జరిగి కూర్చుంది. అందరూ చూశారు.

"సింహాచలం!" అని బేబి పిలిచింది.

గొలుగొండ నుంచి వచ్చిన ముసలామె ఒకావిడ గబగబా లేచింది. "నానేనమ్మా."

"నలభై ఒక్కేళ్ళ సింహాచలం."

"నలభయ్యొకటా? ఓలమ్మ, నా మనవరాలికుంతాదే ఆ వొయిసు!"

హాలంతా గొల్లున నవ్వింది. ఆ నవ్వులోనే ఆయన లేచి నిలబడ్డారు.

"నానండి."

"మీరు కాదండీ బాబూ, పేషెంటు."

"నానే పేషెంటు."

నవ్వు ఆగిపోయింది. బేబి ఆయన మొహం చూసి, నా మొహం చూసి, చేతిలో చీటీ చూసింది. ముసలామె మాత్రం, "ఎల్లు బాబూ, నీదే ముందున్నట్టుంది," అని కూర్చుంది.

గదిలో ఆ వాక్యం చెప్పాను, వారం కింద నోట్లో ఉండిపోయినది. డాక్టరుగారు పాత రిపోర్టు తీసి దాని మీది నా పేరు చూశారు. మాట్లాడింది నాతోనే.

"ఇంకొకరి జబ్బుకి మీరొచ్చి బల్లమీద పడుకున్నారా? చదువుకున్నవారు! ఏడాది తర్వాత రమ్మన్నాను నేను. ఏడాది! తెలుస్తోందా మీకు?"

"తెలుసండి."

"లాగి ఒకటి ఇవ్వాలనిపిస్తోంది మిమ్మల్ని."

"ఇద్దరికీ ఇయ్యండి డాక్టరుగారూ, నాకూ వాటా ఉన్నాది," అన్నారాయన.

ఆవిడ నవ్వలేదు గానీ కోపం కాస్త దిగింది. ఆయనవైపు తిరిగి, ఏ ఇంజెక్షను, ఎన్నాళ్ళ నుంచి, రక్తం ఎప్పుడు మొదలు అని వరసగా అడిగారు. "నేనిలా ఎవరినీ చూడలేదు ఇదివరకు," అని ఒప్పుకున్నారు. "అయినా లోపలున్నది నాకు తెలిసిన అవయవమే. పొర పలచబడి ఉంటుంది, నొప్పి పుడుతుంది. చిన్న సైజుది వాడతాను. ఆపమంటే ఆపుతాను. సరేనా... ఏమని పిలవమంటారు మిమ్మల్ని?"

"సింహాచలం గారనండి. అందరూ అదే అంతారు."

తెర లాగారు. బేబి నా దగ్గరికి వచ్చి మెల్లిగా, "మేడం, తోడొచ్చినోళ్ళు బయట కూకోవాలి," అంది.

వరండాలోకి వచ్చాను. బల్ల మీద మొగుళ్ళు జరిగి చోటిచ్చారు. వాళ్ళ మధ్యన కూర్చున్నాను. ఆయన పోయినసారి కూర్చున్నది ఇక్కడే. ఇక్కణ్ణుంచి లోపలిది ఏదీ వినబడదు. ఇంత భయంగా ఉంటుందా ఇక్కడ కూర్చుంటే? వీళ్ళంతా ఫోన్లు చూస్తున్నది ఇందుకా?

కోడల్ని తీసుకొచ్చిన సింగన్న, గొలుగొండ చెరుకు రైతు, మా షాపు ఖాతాదారు, నన్ను గుర్తుపట్టాడు.

"మేడంగారూ, మీరేటిటు కూకున్నారు? సారేరీ?"

"లోపలున్నారు."

"లోపలా?"

"ఆయనకే బాగోలేదు, సింగన్నగారూ."

సింగన్న గుమ్మం మీది బోర్డు చూశాడు. నన్ను చూశాడు. చాలాసేపు గడ్డం గీరుకున్నాడు. ఇక అడుగుతాడు అనుకున్నాను.

"మరి నా మోటారు?"

"వైండింగ్ అయిపోయింది. రేపు ఇస్తారు."

"అలాగయితే మంచిది," అన్నాడు. ఏమనుకున్నాడో తెలియదు.

ఆగస్టు 5

లోపల తీసిన ముక్క వైజాగ్ వెళ్ళింది. రిపోర్టు ఇంకా రాలేదు.

దేవుడమ్మ గారు రావడం లేదు. షాపుకి మోటార్లు వస్తున్నాయి. ఇద్దరు రైతులు లోపలికి తొంగిచూసి, ఆయన్ని చూసి, పనేమీ లేకుండానే వెళ్ళిపోయారట. సింగన్న మోటారు పట్టుకెళ్ళాడు.

పక్కింటి గోడవతల గిన్నె చప్పుడైతే చాలు, పని ఆపి వింటున్నాను.

ఆగస్టు 12, మంగళవారం

రిపోర్టు వచ్చింది, తేడా పై పొరలోనే ఉంది. లోపలికి దిగలేదు. ఇంకా కాన్సర్ కాలేదు, కాబోతోందట. ఏడాది ఆగి ఉంటే అని డాక్టరుగారు మొదలుపెట్టి, నా మొహం చూసి ఆపేశారు. వైజాగ్‌లో ఆపరేషన్, మొత్తం తీసేయడమే మేలన్నారు. ఆయన కూడా అదే కావాలన్నారు. ఉత్తరం ఆవిడే స్వయంగా రాసి, అక్కడి డాక్టరుకి ఫోన్ చేసి, నా ఎదుటే గట్టిగా చెప్పారు: "పేషెంటు మగమనిషి. అవును. మీరు సరిగానే విన్నారు. మగవాళ్ళ వార్డులో గది ఇవ్వండి."

"అటక కాళీ సేసీమంటున్నారు," అన్నారాయన బయటికొచ్చాక. అని, స్కూటర్ తాళం పెట్టలేకపోయారు. నాకిచ్చేశారు. నేను నడిపాను.

ఇంటికొచ్చేసరికి గుమ్మం దగ్గర బొప్పాయి పెట్టి ఉంది. ఎవరు పెట్టారో తెలియదు. దేవుడమ్మ గారింటి తలుపు వేసి ఉంది.

ఆగస్టు 20, బుధవారం, వైజాగ్

ఆపరేషన్ థియేటర్ బయట రాస్తున్నాను. ఈ డైరీ ఎవరి కంటా పడకూడదని ఇన్నాళ్ళూ దాచి, నలుగురి మధ్య ఒళ్ళో పెట్టుకుని రాస్తున్నాను. పక్కాయన చూస్తున్నాడు కూడా. చూడనీ.

లోపలికి తీసుకెళ్ళేముందు వాచీ తీసి నా చేతికి పెట్టారు. ఏదైనా అనండి అన్నాను. "మోటారు ఇప్పినాక గానీ సెప్పలేం," అన్నారు. నేను తిట్టాను. నవ్వుతూ వెళ్ళారు.

కాబోయేది మాత్రమే, ఇంకా కాలేదు, అని మళ్ళీ మళ్ళీ అనుకుంటున్నాను. మత్తు దిగకపోతే? తీశాక ఇంకేదో కనబడితే? డాక్టర్లు చెప్పింది నాకు అర్థమైంది. భయానికి అర్థం కావడం లేదు.

తలుపు తెరిచారు. ఆకుపచ్చ గౌనులో నర్సు. ఆవిడ మొహంలో ఏమీ తెలియడం లేదు.

"సింహాచలం గారి తాలూకా ఎవరండీ?"

నేనే. లేస్తున్నాను.